మూడు పిలుపుల మధ్య

మా పూర్వ విద్యార్థుల సంఘానికి ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఈ ఉదయం గుండుగొలను దగ్గర బస్సు ఆగి, కిటికీలోంచి చేపల చెరువుల నీచు వాసన తగలగానే, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సంఘం పాడ్‌కాస్టులో మార్తమ్మ టీచరుగారి ఎపిసోడ్ మళ్ళీ విన్నాను. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఫోనులో ఆవిడ గొంతు ఊపిరి తీసుకోకుండా పరుగెడుతోంది. బతికుండగా ఆవిడ ఒక్కరోజూ అలా మాట్లాడలేదు.

కొల్లేటి ఒడ్డున మా బడిలో నేను ఆరో తరగతిలో ఆలస్యంగా చేరాను. హాజరుపట్టీలో నా పేరు లేదు. పిలవలేదు కనుక కూర్చోనని నిలబడ్డాను. ఇద్దరు మాస్టార్లు చూసీ చూడనట్టు పాఠం చెప్పుకుపోయారు. వాళ్ళ పేర్లు నాకిప్పటికీ గుర్తే. మూడో పీరియడుకు వచ్చిన మార్తమ్మగారు కారణం అడిగి, పట్టీలో నా పేరు చేత్తో రాసి, గట్టిగా పిలిచి, నేను పలికేదాకా ఆగారు. ఆవిడది దోనెల మీద పెరిగిన కుటుంబం. మంచులో అవతలి దోనెను పిలిస్తే, నీటి చప్పుడు అడ్డురాకుండా దోనె తోసే గెడ పైకెత్తి, జవాబు వచ్చేదాకా కదలకుండా ఉంటారట. "పిలిచాక ఆగాలిరా. ఆగకపోతే అది ఉత్త కేక" అన్నారు.

సంఘంవాళ్ళు పాత టీచర్లతో పాడ్‌కాస్ట్ చేద్దామనుకున్నప్పుడు రెండు సాఫ్ట్‌వేర్లు ముందుకొచ్చాయి. ఒకటి అసలు రికార్డింగును ముట్టుకోదు. కోతలన్నీ మనమే చేసుకోవాలి, అరగంట ఎపిసోడుకు రోజంతా పడుతుంది. రెండోది మీట నొక్కితే దగ్గులూ చప్పుళ్ళూ మౌనాలూ తనే తీసేసి పది నిమిషాల్లో చేతికిస్తుంది. రెండు వారాలు రెండూ వాడి చూసి, మొదటిదే మేలని రెండు పేజీలు రాసి తీసుకెళ్ళాను. కార్యదర్శి శేఖర్‌గారు ఆ కాగితాల మీద టీ గ్లాసు పెట్టారు. "ఈ రోజుల్లో ఆగి వినేవాళ్ళు ఎవరండీ? అయినా తాడేపల్లిగూడెంలో పెళ్ళిళ్ళకి మైకుసెట్టు కట్టుకునే మీకెందుకండీ ఇవన్నీ" అన్నారు. అందరూ నవ్వారు, రెండోదే ఖాయం చేశారు.

రికార్డింగు రోజున మైకు పెట్టింది మాత్రం నేనే. టీచరుగారు తమ్ముడు దావీదు గురించి చెప్పారు. వలలు చూడబోయిన అతను మంచులో తిరిగి రాలేదు. గట్టు మీద నిలబడి మూడుసార్లు పిలిచానంటూ, ఆనాడు పిలిచినట్టే పిలిచారు. ప్రతి పిలుపు తరువాత ఆగారు. ఆవిడ ఊపిరి, బయట కొంగల అరుపు తప్ప గదిలో ఇంకేమీ లేదు. నా సొంత రికార్డరు సంచిలోనే ఉంది. మీ సాఫ్ట్‌వేరే గొప్పది కదా, కానివ్వండి అనుకుని పంతానికి బయటికి తీయలేదు. శేఖర్‌గారి మాటను ఎంత గుర్తుపెట్టుకున్నానో, ఈ సంగతినీ అంతే గుర్తుపెట్టుకున్నాను.

ఎపిసోడ్ వచ్చాక ఏలూరులో టీచరుగారింటికెళ్ళి వినిపించాను. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని విన్నారు. మూడు పిలుపులూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి.

"ఇది నేనేనా?" అన్నారు.

"మీరేనండీ."

"నేను ఆగానురా. వాడు పలుకుతాడేమోనని ఆగాను. ఇందులో వాడికి పలికే సందేదీ?"

సరిచేయిస్తానని మాటిచ్చాను. మొదటి రెండు ఉత్తరాలు ఆవిడ ఉండగానే రాశాను. వెళ్ళినప్పుడల్లా జవాబొచ్చిందా అని అడిగేవారు. చివరిసారి అడగలేదు.

కావాలంటే పిలుపుల మధ్యలో ఖాళీ పెట్టుకోమని సంఘంలో ఒకాయన ఫోనులో ఉచిత సలహా ఇచ్చాడు. పెట్టి చూశాను. అది ఉత్త ఖాళీ. అందులో ఆవిడ ఊపిరి లేదు, ఆశ లేదు.

ఇప్పటికీ పెళ్ళిపందిళ్ళలో మైకు పరీక్షించేటప్పుడు ఒక మాట అని, చివరి స్పీకరు పెట్టెలోంచి అది వినపడేదాకా ఆగుతాను. కుర్రాళ్ళు నవ్వుతారు. ఆ ఆగడం ఆవిడిచ్చిందే.

శేఖర్‌గారూ, ఇది అయిదో ఉత్తరం. ఆ రోజు రికార్డయిన అసలు ఫైలు మీ దగ్గర ఉందా, చెరిపేశారా? లేదన్నా సరే, అదీ జవాబే. పిలిచాను. గెడ పైకెత్తి ఉంచాను. పలకండి.