రేడియో మీద వైట్ సిమెంట్ బొట్లు

ఆదివారం పదకొండు గంటలకు మనవరాలు సాక్షి రేడియోలో మాట్లాడబోతోందని తెలిసిన రోజు నుంచి శంకర్రావుకు కాలు ఒకచోట నిలవడం లేదు. బొంబాయి కామాఠిపురా పదకొండో గల్లీ, వరస ఇళ్ల చాల్‌లో రెండో అంతస్తు, పదడుగుల ఖోలీ, అంటే ఒక్కటే గది. అందులో కాలు నిలవకపోతే మాత్రం ఎక్కడికి పోతాడు? గోడ తడుముకుంటూ గదుల ముందరి గ్యాలరీ చివరిదాకా పోయి, ఎదురైన ప్రతివాడికీ చెప్పి వచ్చేవాడు. "మా సాక్షి తెలుగుల మాట్లాడ్తది. లైవ్! ఒక్కసారే వస్తది, మల్ల రాదు!" పొద్దున చెప్పినవాళ్లకే సాయంత్రం మళ్లీ చెప్పేవాడు.

అరవై ఏడేళ్ల శంకర్రావు నలభై ఏళ్లు ప్లాస్టరింగ్ మేస్త్రీగా బతికాడు. ఆయన తాత పాలమూరు నుంచి బొంబాయిలో ఇళ్లు కట్టడానికి వచ్చినవాడు. గోడ మీద అరచెయ్యి ఒక్కసారి రాస్తే చాలు, ఎక్కడ ఉబ్బిందో ఎక్కడ లొత్త పడిందో శంకర్రావు చెప్పేసేవాడు. ఎన్నో అంతస్తులో పని ఉన్నా పరంజా వెదురుకు తాడుతో రేడియో కట్టి ఉండాల్సిందే. ఎనిమిదేళ్ల కింద షుగరు రెండు కళ్లూ తీసుకుపోయింది. పని పోయింది, రేడియో మిగిలింది. చక్రం తిప్పితే ముల్లు కదిలేది, ముల్లు కదిలితే పాట దొరికేది. మందుబిళ్లకు ఎవరినో అడగాలి, చెప్పుల జతకు అడగాలి. రేడియోకు మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ రేడియో పోయిన వానాకాలంలో మూగబోయింది. కొడుకు హితేష్ కొత్తది తెచ్చాడు. డిజిటల్‌ది. చక్రం లేదు, ముల్లు లేదు. నున్నటి ముఖం, వేలికి తగలని తొమ్మిది బటన్లు, చిన్న అద్దంలో స్టేషన్ల పేర్లు. దాన్ని తయారుచేసిన మహానుభావులెవరో గానీ, రేడియో చెవులతో వినేదన్న సంగతే మర్చిపోయారు. హితేష్ పాపం బ్రెయిలీ స్టిక్కర్లు తెప్పించి అంటించాడు. "గా చుక్కల సదువు నాకెవడు నేర్పిండురా? నాకెరికైంది తాపీ ఒక్కటే" అని శంకర్రావు వాటిని గోటితో గీకి పారేశాడు. అప్పటి నుంచి ఎవరైనా పెడితేనే వినాలి, వాళ్లు పెట్టిందే వినాలి. ఇది ఆయనకు కళ్లు పోయినదానికంటే ఎక్కువ బాధగా ఉండేది.

ఇప్పుడు సాక్షి కార్యక్రమం అలాంటి సెట్‌లో తప్ప ఫోన్లలో రాదు. ఆమెకు తోడుగా నాయనమ్మ రత్నాబాయి, తండ్రి హితేష్ స్టూడియోకు పోతున్నారు.

"నువ్వు భీ రా తాతా, ఆడనే కూసుని విను" అంది సాక్షి.

"అద్దం ఎనుక కూసుని వింటే గది రేడియో అయితదా? ఇంట్లనే వింట. నేనే పెట్టుకుంట."

"ఎట్ల పెట్టుకుంటవయ్యా? పక్క ఖోలీ మంగేష్‌కు చెప్పి పోతం" అంది రత్నాబాయి.

"మంగేష్ గడప తొక్కితే చూడు! లోపల్నుంచి గొళ్లెం పెట్టుకుంట."

శంకర్రావుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు.

శుక్రవారం పొద్దున టీ తాగుతుంటే ఆయనకు ఉపాయం తట్టింది. మంచం కింద పాత డబ్బాలో వైట్ సిమెంట్ ఉంది! సాక్షిని పక్కన కూర్చోబెట్టుకుని, సెట్ ప్లగ్ తీయించి, గరుకు కాగితంతో బటన్లు రుద్దాడు. సిమెంట్ ముద్ద కలిపి, సాక్షి వేలు చూపిన చోటల్లా అగ్గిపుల్ల కొసతో బొట్లు పెట్టాడు. ఆన్ బటన్ మీద ఒక బొట్టు. స్టేషన్లు మార్చే బాణం మీద రెండు. సాక్షి మాట్లాడబోయే ఛానెల్‌ను ముందే ఎక్కించి పెట్టిన మూడో నెంబరు బటన్ మీద ఒక పెద్ద బొట్టు. ఎనిమిదేళ్ల తర్వాత వేళ్లకు సిమెంట్ అంటింది.

"అరే తాతా, ఏక్‌దమ్ మస్తు!" సాక్షి ఆయన బుగ్గ గిల్లి కాలేజీకి పరుగెత్తింది.

అసలు ఘోరం ఆ తర్వాత జరిగింది. సిమెంట్ పెట్టిన మేస్త్రీ చేతులు కట్టుకుని కూర్చోలేడు. నీళ్లు కొట్టకపోతే సిమెంట్ పగులుతుంది. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ శంకర్రావు చెంబులో చెయ్యి ముంచి రేడియో మీద నీళ్లు చిలకరించాడు. గంటకోసారి, మూడుసార్లు, శ్రద్ధగా. సాయంత్రం ప్లగ్ పెట్టి ఆన్ చేస్తే సెట్ ఒక్కసారి కుయ్యిమని ఊరుకుంది.

"రేడియోకు నీళ్లు గొట్టినవా!" రత్నాబాయి నెత్తి కొట్టుకుంది. ఆయన ముఖం చూసి వస్తున్న నవ్వు మింగేసింది. సెట్‌ను పల్చటి గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టింది. శంకర్రావు ఆ డబ్బా పక్క నుంచి లేవలేదు, దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. వంటకు బియ్యం మంగేష్ ఇంటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది.

శనివారం సాయంత్రం తీసి నొక్కితే పాట! బొట్లు కూడా రాయిలా బిగుసుకున్నాయి. "చూసిన్రా, నీళ్లు గొట్టినందుకే గట్టివడ్డయ్" అన్నాడు, కొంచెం కూడా సిగ్గుపడకుండా. సాక్షి తన ఛానెల్‌ను మూడో నెంబరులో మళ్లీ ఎక్కించింది. "గాయబ్ అయితే బాణం నొక్కుకుంట పో. దొరికినంక పెద్ద బొట్టు నొక్కి పట్టుకో, కూత వచ్చేదాకా" అని నేర్పింది.

ఆదివారం తొమ్మిదిన్నరకు ముగ్గురూ గ్రాంట్ రోడ్ రైల్వే స్టేషన్‌కు బయల్దేరారు. శంకర్రావు గొళ్లెం పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాడు, తనను ఎవరో చూస్తారన్నట్టు.

పది నలభైకి కరెంటు పోయింది. పది యాభైకి వచ్చింది. పెద్ద బొట్టు నొక్కాడు. గుజరాతీలో ఎవరో పోయిన వారం షేర్ల ధరలు చదువుతున్నారు. మళ్లీ నొక్కాడు. మళ్లీ షేర్లే. కరెంటుతో పాటు సెట్ జ్ఞాపకం కూడా పోయింది.

"కాకా, యేఊ కా?" గోడ అవతలి నుంచి మంగేష్ అడిగాడు, రానా అని.

శంకర్రావు చెయ్యి గొళ్లెం దాకా పోయింది. తీస్తే మంగేష్‌కు నిమిషం పని. తీయలేదు.

రెండు బొట్ల బాణం నొక్కాడు. భజన. నొక్కాడు. క్రికెట్. నొక్కాడు. ఏ చప్పుడూ లేదు. అలా ఏమీ పలకని స్టేషన్లు నాలుగు తగిలాయి. సాక్షి ఛానెల్ పలకడం మొదలయ్యేదే పదకొండుకు కాబట్టి ఆమెది ఆ నాలుగింటిలో ఒకటే. కానీ ఏది? చేతికున్న మాట్లాడే గడియారం నొక్కితే "దస్ బజ్‌కర్ సత్తావన్ మినట్" అంది. ఇంక మూడే నిమిషాలు!

టైల్స్ పరిచాక మేస్త్రీ ఒక్కోదాని మీద తాపీ పిడితో కొట్టి వింటాడు. కింద బోలుగా ఉంటే చెవికి తెలిసిపోతుంది. శంకర్రావు చెవిని సెట్‌కు ఆనించి మొదటి నుంచి మళ్లీ వచ్చాడు. మొదటి ఖాళీలో ఏమీ లేదు. రెండోదీ అంతే. మూడోదానిలో కాగితం తిప్పిన చప్పుడు! ఎవరో మైకు ముందే తెరిచేశారు. కుర్చీ కిర్రుమంది. తర్వాత చిన్న దగ్గు. చిన్నప్పటి నుంచి పాఠం అప్పజెప్పే ముందు సాక్షి దగ్గే దగ్గు.

"దొరికిందిరా!" అని కేక పెట్టాడు. పెద్ద బొట్టు నొక్కి పట్టుకున్నాడు. కూత వచ్చింది.

"నమస్కారం. నా పేరు సాక్షి. కామాఠిపురా నుంచి వచ్చాను." ఇంట్లో తెలుగులో హిందీ, మరాఠీ కలిపి మాట్లాడే పిల్ల అచ్చ తెలుగులో మాట్లాడుతోంది! శంకర్రావు కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. తుడుచుకోలేదు. గొళ్లెం తీసి తలుపు బార్లా తెరిచాడు. మంగేష్‌తో పాటు గ్యాలరీలో సగం మంది గడపలో చేరారు.

ఈ ఊరి గోడలకు ప్లాస్టర్ చేసిన చేతుల గురించి చెబుతోంది సాక్షి. "గోడ నిలువుగా ఉందో లేదో చూసేదాన్ని తెలుగులో..." అని ఆగింది.

"తూకం గుండు! తూకం గుండు బిడ్డా!" శంకర్రావు లేచి నిలబడి అరిచాడు.

"...తూకం గుండు అంటారు" అంది సాక్షి. గ్యాలరీ అంతా చప్పట్లు.

ఒంటిగంటకు సాక్షి మెట్లు ఎగిరెగిరి ఎక్కి వచ్చింది. "తాతా, విన్నవా? మంగేష్ కాకా పెట్టిచ్చిండా?"

మంగేష్ రెండు చేతులూ పైకెత్తాడు, తను వేలైనా పెట్టలేదని. "మైనే హాథ్ భీ నహీ లగాయా."

శంకర్రావు మనవరాలి చూపుడు వేలు పట్టుకుని రేడియో మీద పెట్టాడు. మొదటి బొట్టు. "ఇది ఆన్." పక్కపక్కన రెండు. "ఇది ఎతుకుడు." ఆమె వేలిని పెద్ద బొట్టు మీదికి తెచ్చి, అక్కడే కాసేపు అదిమి పట్టుకున్నాడు.

"ఇది నువ్వు."