తాత గుండెల మీద

హంసలదీవికి దగ్గర్లోని ఒక చేపలవాళ్ల పల్లెకు నేను నర్సుగా వచ్చిన కొత్తలో, నెలనెలా పెట్టే ఆరోగ్య సమావేశానికి ఆడవాళ్లే వచ్చేవారు. మగవాళ్లు ఎదురుగా పాకలో వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవారు. రమ్మంటే, "అయ్యన్నీ ఆడోళ్ల యవ్వారాలండీ" అని నవ్వేసేవారు.

ఆ వానాకాలంలో ఒక అమ్మాయికి నెలలు నిండకుండానే కాన్పయింది. బందరు ఆసుపత్రిలో కొన్నాళ్లుంచి పంపారు. పాప రెండు కిలోలు కూడా లేదు. ఒంట్లో వేడి నిలవాలంటే ఎవరో ఒకరు పాపను గుండెలకు ఆనించుకుని ఉండాలి. ఇంటికొచ్చిన మర్నాడే తల్లికి జ్వరం వచ్చింది. భర్త చేపల వేటకెళ్లాడు. అత్త ఎప్పుడో పోయింది. పుట్టింటివాళ్లు నందివాడ నుంచి రావాలి. ఇంట్లో మిగిలింది మామగారొక్కరే.

నేను వెళ్లేసరికి పాప పాదాలు చల్లగా తగిలాయి. డాక్టరుగారికి ఫోన్ చేశాను. "ముందు వెచ్చబెట్టండి, నేను బయల్దేరుతున్నా" అన్నారు.

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయనతో, "బాబాయ్ గారూ, పాపను మీరే గుండెల మీద పెట్టుకోవాలి" అన్నాను.

"నేనా? నా ఒళ్లంతా చేపల కంపమ్మా!"

"గబగబా స్నానం చేసి రండి."

సబ్బు అరిగేలా రుద్దుకుని, ఒళ్లు తుడుచుకుని వచ్చారు. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, పాపకు టోపీ పెట్టి, ఆయన ఛాతీ మీద పడుకోబెట్టి, పైన కోడలి పాత చీర చుట్టాను. ఆయన ఊపిరి బిగబట్టేశారు.

"ఊపిరి తీసుకోండి, ఏం కాదు. దీన్ని కంగారూ పద్ధతి అంటారు."

"నాకేం కంగారు లేదమ్మా" అన్నారు. చీర అంచు మాత్రం గట్టిగా పట్టుకునే ఉన్నారు.

డాక్టరుగారు వచ్చి ఇద్దరినీ చూశారు. పాపకు భయం లేదని, అలాగే ఉంచమని చెప్పి, తల్లికి మందులిచ్చారు. కాసేపటికి పెద్దాయన వేలితో పాప పాదం తాకి, "వెచ్చబడిందమ్మా" అని గుసగుసగా అన్నారు. కళ్లల్లో నీళ్లు. "నా కొడుకు పుట్టినప్పుడు ఎత్తుకోలేదమ్మా. ఎవరన్నా చూస్తే నవ్వుతారని సిగ్గు."

తల్లి కోలుకున్నాక కూడా ఆయన తన వంతు వదల్లేదు. పాప కాస్త ఒళ్లు చేశాక, అలాగే గుండెలకు కట్టుకుని వలల పాకలోకి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను.

"ఏంట్రా, బాలింతవైపోయావా?" అన్నాడు ఆయన ఈడువాడొకడు. అందరూ నవ్వారు.

"నవ్వితే నవ్వారులే. ఇట్రా, చెయ్యి పెట్టి చూడు."

"చేతులు కడుక్కుని!" అని అరిచాను. అంత పెద్దమనిషీ పంపు దగ్గరకు పరిగెత్తి వచ్చి, పాప వీపు మీద మెల్లగా చెయ్యి వేశాడు. ఇక నవ్వలేదు. అలా ఒకరి తర్వాత ఒకరు పంపు దగ్గరకు వెళ్లారు.

ఆ నెల సమావేశం ఆ పాకలోనే పెట్టాం. ఎలా ఎత్తుకోవాలో, తల ఎటు తిప్పాలో ఆయనే చూపించారు. నేను పక్కన నిలబడి, మరిచిపోయినవి అందించానంతే. భార్య నిండునెలలతో ఉన్న ఒక కుర్రాడు, "ఏడిస్తే ఏం చెయ్యాలి బాబాయ్?" అని అడిగాడు.

"ఏడవనీ. నువ్వు మాత్రం దించకు" అన్నారాయన.

ఆ పాప ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది. బరువు చూపించడానికి తాతే తీసుకొస్తారు. మా సమావేశాలు ఇప్పటికీ వలల పాకలోనే. బీపీ గురించైనా, గర్భిణుల తిండి గురించైనా, మగవాళ్లు లేచి వెళ్లరు, జరిగి మాకు చోటిస్తారు.