ఇంతియాజ్ ఒక్కడే లేచిన రోజు

మా చిన్నతనంలో... కాటన్‌పేటలోని మా సందుకు తెల్లవారేది దూది ఏకే విల్లు మోతతోనే. మిషన్లు వచ్చేసినా మా నాయన విల్లు వదల్లేదు. పాత పరుపులు విప్పి, గట్టిపడిన దూదిని ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. ఇల్లూ అంగడీ ఒకటే గది. తినే అన్నంలో దూది, తాగే నీళ్లలో దూది... బడికి వెళ్లేటప్పుడు నా జుట్టులోనూ దూదే.

మేం దూదేకులవాళ్లం. మా తాత కాలంలో అనంతపురం వైపు నుంచి ఈ కన్నడ ఊరికి వచ్చాం. నమాజు చేస్తాం, రంజాన్‌కు ఒక్కపొద్దులుంటాం... ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగే. ఉర్దూ ముక్క రాదు. నా పేరు కుళ్లాయప్ప. మా వైపు ఆ పేరు హిందువులూ పెట్టుకుంటారు, మేమూ పెట్టుకుంటాం.

హైస్కూల్లో చేర్చిన రోజు అక్కడి గుమాస్తా నా పేరు విని, మా నాయన తెలుగు విని, అడక్కుండానే మతం దగ్గర 'హిందూ' అని రాసేశాడు. ఫారం కన్నడలో ఉంది, మా ఇద్దరిలో అది చదవడం వచ్చింది నాకే. నాయనకు మెల్లగా చెప్పాను. ఆయన కాసేపు ఆ కాగితం వంకే చూసి, "ఉండనీలే అప్పా... చదువుకునేటోనికి ఏదైతేనేమి" అని వేలిముద్ర వేశాడు. నిజం చెప్పొద్దూ... నాకూ హాయిగానే అనిపించింది.

బెంచీలో నా పక్కన ఇంతియాజ్ కూర్చునేవాడు. వాళ్ల నాన్నకు బళేపేటలో గాజుల బండి. ఎనిమిదో తరగతిలో ఉండగా పండుగ నమాజుకు వెళితే ఈద్గాలో వాడు ఎదురుపడ్డాడు. నోరు వెళ్లబెట్టి చూశాడు. "బళ్లో చెప్పొద్దురా" అని చెవిలో బతిమాలాను. వాడు ఎవరికీ చెప్పలేదు. ఎందుకని కూడా అడగలేదు.

పిల్లలు నన్ను 'పరుపోడా' అని ఏడిపించేవారు. అందుకని ఈద్గాలో కలిసిన తర్వాత నుంచి రోజూ బెల్లు కొట్టేలోగా నా జుట్టులో దూది పోగులు ఏరిపెట్టేవాడు ఇంతియాజ్. మా అంగడికి వచ్చి వచ్చి తెలుగు కూడా నేర్చుకున్నాడు. మా నాయన మాటలన్నీ వాడి నోట్లో ఉండేవి.

పదో తరగతిలో రంజాన్ వచ్చింది. వాడు అందరికీ తెలిసేలా, నేను దొంగచాటుగా... ఇద్దరం ఒక్కపొద్దే. మధ్యాహ్నం కడుపునొప్పి అని చెప్పి నేనూ వెళ్లి వాడితోపాటు కొళాయి దగ్గర మెట్ల మీద కూర్చునేవాణ్ణి.

ఆ నెలలోనే మార్కెట్టు దగ్గర ఏదో మతగొడవై రెండు రోజులు అంగళ్లన్నీ మూసేశారు. మూడో రోజు బడి తెరిచారు. మా క్లాసు టీచరు వచ్చి, "ముస్లిం పిల్లలు లేచి నిలబడండి. అడ్రసులు రాసుకోవాలి, పైనుంచి అడిగారు" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. మా మొహాలు చూడలేక రిజిస్టరు చూస్తూ అడిగారు.

మా సెక్షన్లో ఉన్నది ఇద్దరం. రిజిస్టర్లో ఒక్కడే.

ఇంతియాజ్ లేచాడు. నా వైపు చూస్తాడేమోనని భయపడ్డాను. వాడు పొరపాటున కూడా చూడలేదు... నన్ను కాపాడటానికే. క్లాసంతా వాణ్ణి కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. అందరితోపాటు నేనూ అలాగే చూశాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ మధ్యాహ్నం ఎవరో వాడి బ్యాగు కొళాయి కింద పెట్టి నీళ్లు వదిలేశారు. పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. మెట్ల మీద ఒక్కొక్కటీ ఆరబెట్టుకుంటున్నాడు. "నేనూ లేచి ఉంటే..." అన్నాను.

"ఏమీ మారేది లేదులే అప్పా," అన్నాడు, అచ్చం మా నాయనలాగే. "ఒక్కనికి బదులు ఇద్దరం నిలబడి ఉందుము... అంతే."

సాయంత్రం ఒక్కపొద్దు విడిచే వేళ ఖర్జూరం చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మా అవ్వ, నాయన వాళ్లమ్మ, అడిగితే జరిగిందంతా చెప్పేశాను.

"వేలిముద్ర ఏసింది నేను. వాని తప్పేముండాది" అన్నాడు నాయన.

అవ్వ ఊరుకోలేదు. "ఒక్కపొద్దు ఉండి అబద్ధమాడితివా రా?"

"నేనేం ఆడలేదవ్వా... ఊరికే కూసున్నా."

"ఆ కూసునేది గూడా అబద్ధమే."

రేపు లేచి చెప్పేస్తానని అవ్వకు మాటిచ్చాను. మర్నాడు వెళ్లేసరికి నా పక్క చోటు ఖాళీ. ఆ వారమంతా ఖాళీయే. వాళ్ల నాన్న భయపడి వాణ్ణి బడి మాన్పించి, ఊరి చివర కాడుగోడిలో మామ వెల్డింగ్ షాపులో పెట్టాడని తెలిసింది. లెక్కల్లో నన్ను మించినవాడు... పదో తరగతి పరీక్ష కూడా రాయలేదు. ఇక లేచి ఎవరి కోసం చెప్పాలి అనుకున్నాను. అదొక సాకు.

పరీక్షలయ్యాక నాయనతో మంచి దిండు ఒకటి కుట్టించుకుని కాడుగోడి వెళ్లాను. ఆ రోజు కావాలనే జుట్టులో దూది దులుపుకోలేదు. వాడు ముఖానికి పట్టుకున్న వెల్డింగ్ అద్దం దించి నన్ను చూశాడు. నా జుట్టు వైపూ చూశాడు.

"ఏన్ బేకు సార్?" అన్నాడు కన్నడలో, ఏం కావాలని గిరాకీని అడిగినట్టు.

దిండు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు మా సందులో అన్నీ ఫోము పరుపులే. నాయన లేడు... విల్లు గోడకు వేలాడుతోంది. ఆఫీసుకు వెళ్లే నా జుట్టులో దూది పోగు ఒక్కటీ ఉండదు. ఉన్నా తీసేవాడు లేడు.

మొన్న మా అమ్మాయి స్కూలు ఫారం నింపుతుంటే మతం దగ్గర పెన్ను ఆగిపోయింది. పాప పక్కనే నిలబడి చూస్తోంది. ఇస్లాం అని రాశాను. ధైర్యంగా ఏం కాదు. రేపు దాన్నీ ఎవరైనా లేచి నిలబడమంటే?

మీ క్లాసులోనూ అలా ఒక్కరే లేచి నిలబడిన రోజు ఉండే ఉంటుంది. ఆ రోజు మీరు నిలబడ్డారో, కూర్చున్నారో... రాయండి. నేను రాశాను కదా.