టీ మరక పడ్డ కాగితం

బ్యాండులో అందరూ ఆయన్ని లావుతీగల బాబాయి అంటారు. బేస్ గిటార్ శ్రుతి చేసేటప్పుడు దవడను దాని చెక్కకు ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. చెవి మీద ఎప్పుడూ అరిగిన పెన్సిల్ ఉంటుంది. కొత్త పాట వస్తే స్వరాల కాగితం కోసం ఇంటర్నెట్టంతా గాలిస్తాడు. ఈసారి దొరికిన ప్రతిదానిలోనూ ఏదో ఒక తప్పు. పాట విని స్వరాలు రాసిపెట్టే యాప్ ఒకటి తెచ్చుకుంటే, అది డ్రమ్ము దెబ్బను కూడా స్వరమనుకుని రాసింది. చివరికి రికార్డింగును సగం వేగానికి తగ్గించి, తొమ్మిది రోజులు విని తానే రాసుకున్నాడు. బ్యాండు మాస్టరు బేస్ కోసం ఇచ్చిన అచ్చుకాగితంలో నాలుగో వరుస తప్పని అప్పుడు తేలింది.

చూపిస్తే మాస్టరు ఆ రాతను మడిచి టీ గ్లాసు కింద పెట్టాడు. "నీ చెవులకి తుప్పు పట్టింది బాబాయ్. నేనిచ్చింది చూసి వాయించు, చాలు!" అందరూ నవ్వారు. బాబాయీ నవ్వి, మరక పడ్డ కాగితాన్ని గిటార్ పెట్టెలో దాచాడు. రోజూ పెట్టె తెరిచి ముందు ఆ మరకనే చూసేవాడు. సాధనలో నాలుగో వరుస వస్తే తీగను వినపడీ వినపడనట్టు తాకి ఊరుకునేవాడు.

కచేరీలో మాత్రం ఆ వరుసను అచ్చులో ఉన్నది ఉన్నట్టు, వేదిక అదిరేలా వాయించాడు. పాడే అమ్మాయి గొంతు తడబడింది. ముందు కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"పరువు తీశావు కదయ్యా!" అన్నాడు మాస్టరు, పాట అవగానే పళ్లు బిగించి.

"మీరిచ్చింది చూసే వాయించాను మాస్టారూ." బాబాయి పెట్టెలోంచి మరక కాగితం తీసి, నిదానంగా మడతలు సాపుచేసి స్టాండు మీద పెట్టాడు. "చివర్లో ఈ పాట మళ్లీ ఉందిగా. అప్పుడు ఏది చూడమంటారు?"

మాస్టరు తలెత్తకుండా తన అచ్చుకాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.