నొప్పి దగ్గర సున్నా

డయాలసిస్ సూదిని చూడనివాళ్ళు ‘సూదే కదా’ అంటే సరేననుకోవచ్చు. రోజూ చూస్తూ కూడా అలా అనేవాళ్ళను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. అది జ్వరానికి వేసే సూది కాదు, గోనెసంచి కుట్టే దబ్బనానికి చెల్లెలు. ఒక్కోసారికి రెండేసి చొప్పున వారానికి మూడుసార్లు మా నాయన ఎడమచేతిలో దిగేవి. ఒకటి రక్తాన్ని మిషన్‌లోకి తీసుకుపోతుంది, రెండోది శుభ్రమైన రక్తాన్ని తిరిగి ఒంట్లోకి తెస్తుంది. దానికోసమే ఆపరేషన్ చేసి ఆ చేతి నరాన్ని లావు చేశారు.

చంద్రగిరి అవతల ఉన్న మా ఊరినుంచి తిరుపతికి బస్సులో వెళ్ళేవాళ్ళం. నాయన వయసంతా చెరకు గానుగల దగ్గర బెల్లం వండాడు. పాకం చింది పడిన మచ్చలు మోచేతుల దాకా ఉంటాయి. డయాలసిస్ గది చూసుకునే ఇన్‌చార్జి ఆ మచ్చలు చూసి, “ఈ చెయ్యికి సూది ఒక లెక్కా పెద్దాయనా?” అని నవ్వేవాడు. నాయన కూడా నవ్వేవాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు పెద్దలు.

ఒకరోజు బస్సు వేళకు నాయన చొక్కా తొడుక్కోకుండా అరుగుమీద కూర్చున్నాడు.

“ఇంగ సాలు అమ్మణ్ణీ. నేను రాను. సచ్చేదానికి నాకు బయం లేదు. ఆ సూదికే బయమైతాండాది.”

అంతకుముందు ఒక్కసారి మానేసినందుకే కాళ్ళు వాచి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి. పూర్తిగా మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మర్నాటికి ఎలాగో ఒప్పించి తీసుకెళ్ళి, ముందు నేను ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాను. నొప్పి తగ్గడానికి ఏదైనా దారి చూపమన్నాను. ఆయన ఫైలు నా ముందుకు తోశాడు. నొప్పి పదికి ఎంత అని ఒక గడి ఉంది. నెలల తరబడి అందులో అన్నీ సున్నాలే.

“మీ నాయనకు నొప్పే లేదు కదమ్మా!”

నాకు ఒళ్ళు మండిపోయింది. తీరా చూస్తే తప్పు రాసిన నర్సుది కాదు. ఆ అమ్మాయి ప్రతిసారీ అడిగింది. నాయన ప్రతిసారీ “ఏం లేదులే పాపా” అన్నాడు.

నాయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టి పోట్లాడాను. “ఎందుకట్ల చెప్పినావు నాయనా?”

“ఆ పాప మన బిడ్డ మాదిరి. నొప్పంటే మొగం సిన్నబోతాది. పాపం, దాంతో ఎట్ల అనేది?”

మావాళ్ళకు ఇదొక జబ్బు. పెళ్ళిలో కూరలో ఉప్పు లేకపోయినా వడ్డించేవాళ్ళు నొచ్చుకుంటారని బాగుందంటాం. సూది గుచ్చే చేతికీ అదే మర్యాద! ఆ మర్యాదే మా నాయన్ను చావుదాకా లాక్కుపోతోంది.

సంగతి చెప్తే నర్సు తల దించుకుంది. తర్వాత నాయన కుడిచేయి అందుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న కండ చూపించింది. “సూది ఏసేముందు నుంచి ఈడ గట్టిగా నొక్కి పట్టుకోక్కా. ఎడమ చెయ్యి మాత్రం ముట్టుకోవద్దు. నొప్పి మాయం కాదు. కొంచెం తగ్గొచ్చు, అందరికీ కాదు.” ఆక్యుప్రెషర్ అంటారంది. చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని, ఆమె చెప్పినట్టే నొక్కాను. సూదులు దిగాయి.

“నిజం చెప్పు నాయనా. ఎంత?”

“ఐదు.”

“ఇన్నాళ్ళూ?”

ఆయన పైకప్పు వైపు చూశాడు. “తొమ్మిది.”

తొమ్మిది పెట్టుకుని నవ్వాడా ఇన్ని నెలలు! ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరిమీదో అప్పుడు తేల్చుకోలేకపోయాను. అందరిమీదా, నామీద కూడా. ప్రతిసారీ వెంట వచ్చి గది బయట కూర్చుని నేను మాత్రం ఏం చూశాను?

తరువాతి వారం, గదిలో నాయన కుడిచేయి నొక్కుతుంటే ఇన్‌చార్జి నన్ను చూసేశాడు. “బంధువులు బయటికి! నాటు వైద్యాలు ఈడ కుదరవు. రేపు వేళ్ళు నొక్కి కిడ్నీలు కూడా బాగు చేస్తామంటారు.”

అలా అనేవాళ్ళు ఉన్నారు, కాదనను. వేలు నొక్కితే డయాలసిస్సే అక్కర్లేదని నమ్మించే ఆ మహానుభావులు దొరికితే రెండు వాయించాలని నాకూ ఉంది. వాళ్ళ వల్లే ఈ కాస్త ఉపశమనం కూడా మోసంలా కనిపిస్తోంది. కానీ నేను మిషన్ ఆపమనలేదు. మా నాయన మిషన్ దగ్గరికి రావడం మానకూడదనే కదా నా ఆరాటమంతా! ఆ మాటే చెప్పబోతే ఆయన తలుపు చూపించాడు. నేను లేచాను.

నాయన ఎడమచేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

“చెయ్యి ఇయ్యి పెద్దాయనా,” అన్నాడు ఇన్‌చార్జి.

“ఇయ్యను. మా అమ్మణ్ణి ఉంటేనే సూది. లేకుంటే ఇంటికి పోతా.”

“ఎప్పుడూ నొప్పి లేదంటివే?”

“అడిగింది ఈ పాప. దానికి బాధైతాదని లేదంటి. నువ్వు ఎప్పుడన్నా అడిగినావా సారూ? నువ్వు అడిగుంటే తొమ్మిదనే చెప్పుంటా.”

నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. అప్పుడు పక్క మంచం మీది ఆమె, ఇన్ని నెలల్లో ఎవరితోనూ పలకని మనిషి, తల కొంచెం పైకెత్తింది.

“నాకు పది, సారూ,” అంది.