మిగిలిన అన్నం ఎవరు తినాలి

మా యారాలు పోయిందన్న వార్త ఆలేరులో మా పక్కింటి వాళ్ల ఫోనుకు వచ్చింది. యారాలంటే నా భర్తకు వదినె, మా బావ భార్య. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెను అక్కా అనే పిలిచాను. ఫోను చేసింది ఆమె బిడ్డే. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. అక్కకు నలభై రెండేళ్లు కూడా నిండలేదు. కొన్నేళ్లుగా కడుపునొప్పి. చివరి మూడు నెలలు దవాఖానల చుట్టూ తిరగడమే సరిపోయింది.

మేం ఊరు చేరేసరికి అక్కను వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఏడుస్తూ ఒకే మాట అంటున్నారు. "ఒక్క మెతుకు పారేసేది కాదు. అసొంటి ఇల్లాలు మళ్ల రాదు."

నిజమే, పారేసేది కాదు. ఆ మెతుకులన్నీ ఎటు పోయాయో మాత్రం ఎవరూ అనలేదు. పక్కన కూర్చుని నేనూ తలూపాను. ఊరి నుంచి తిరిగొచ్చాక నన్ను నిద్రపోనివ్వనిది ఆ తలూపడమే. ఏడో తరగతి చదువుతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో. అప్పటికి బోరుబావి పడి రెండేళ్లయింది, మెట్ట చెలకలో కొంత వరిమడి అయింది. అంతకుముందు జొన్న గటక తిన్న ఇంట్లో రోజూ వరన్నం ఉడుకుతోంది. మా మామకు అదొక గొప్ప. రాత్రి అందరూ తిన్నాక కూడా గంజులో అన్నం మిగలాలి. "ఎవ్వలన్న వొస్తే లేదనొద్దు. ఖాళీ గంజు బోర్లిస్తే లచ్చిమి పోతది" అనేవాడు. అందుకని ప్రతి రాత్రీ మానిక నిండుగా బియ్యం పోయాలి. ఎవరో వచ్చేది నెలకొకసారి. మిగిలేది రోజూ.

పొద్దున మగవాళ్లకు వేడి జొన్నరొట్టె, తొక్కు పచ్చడి. ఆడవాళ్లకు రాత్రి అన్నం.

మా అత్త చెడ్డ మనిషి కాదు. కరువులో అడవి గడ్డలు తవ్వుకుని తిన్న మనిషి. అన్నం పారేయడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే. ముప్పై ఏళ్లు, గటకైనా అన్నమైనా, రాత్రి మిగిలిన సద్దే తనూ తిన్నది. కోడళ్లు వచ్చాక అది కోడళ్లది అయింది.

మొదటి రోజు పొద్దున అక్క నా పళ్లెంలో వేడి రొట్టె వేసి, తను ఒక మూలకు కూర్చుని సద్దన్నంలో నీళ్లు పోసి పిండుకుంది. "కొత్త కోడలివి. నెల దినాలు ఉడుకుడుకుది తిను చెల్లె. తర్వాత నాకు తోడొద్దువు" అంది. నవ్వుతూనే అంది.

వంటలో నాకు వచ్చినదంతా ఆమె నేర్పిందే. సొరకాయ పొట్టును నువ్వులతో వేయించి పచ్చడి నూరేది. మిగిలిన పప్పును జొన్నపిండిలో పోసి రొట్టె కొట్టేది. మిగిలిన అన్నాన్ని బియ్యప్పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలతో పిసికి సర్వపిండి చేసేది. అది ఎర్రగా కాలి వాసన వస్తే మామ కూడా ఇంకో ముక్క అడిగేవాడు. అది రాత్రి అన్నమని ఆయనకు తెలియదు. "అన్నం పేరు మారిస్తె మగోళ్లు తింటరు చెల్లె. మనం ఉట్టిదే తింటం" అనేది. కానీ సర్వపిండికి పిండి కావాలి, నూనె కావాలి, పొయ్యి దగ్గర పూట గడవాలి. వారానికొకసారి కుదిరేది. మిగతా ఆరు రోజులు ఉట్టిదే.

ఏది తినాలో ఏది వద్దో కూడా ఆమే చెప్పింది. మెతుకు వేళ్ల మధ్య పెట్టి విడదీస్తే తీగ సాగకూడదు. "ముక్కు చెప్పింది ఇను. అత్త చెప్పింది ఇన్నట్టు జేయి" అనేది.

మూడో ఏడు వానాకాలంలో మా ఆడబిడ్డ అత్తగారి వాళ్లు వస్తున్నారని కబురు వచ్చింది. మామ పెద్ద గంజు పెట్టించాడు. బొబ్బర్ల కూర, పప్పుచారు. ఆ పూట వాగు పొంగి వాళ్లు అవతలే ఆగిపోయారు. గంజు సగానికి పైగా అలాగే మిగిలింది. మర్నాడు పొద్దున మూత తీస్తే పులుపు వాసన గుప్పున కొట్టింది. కూర మీద నురగ.

"కుడితిల పోద్దాం అత్తా" అంది అక్క.

"బర్లకు పోయెతందుకు పండించినమా? మంచిగనే ఉన్నది. ఉల్లిగడ్డ నంజుకొని తినుండ్రి" అంది అత్త, అక్కడే కూర్చుని.

అక్కకు అప్పుడు ఐదో నెల. మొదటిది ఆడపిల్ల, మూడేళ్లది. నేను రెండు ముద్దలు నోట పెట్టుకున్నాను, మూడోది పెట్టలేకపోయాను. పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అత్త చూస్తోంది. అక్క నా పళ్లెం తన వైపు లాక్కుంది. "నువ్వు లే. నీళ్లు దెచ్చుకపో. నేను తింట" అంది.

నేను లేచాను. బిందె తీసుకుని బావికి వెళ్లాను.

సాయంత్రానికి ఆమెకు వాంతులు, విరేచనాలు. వాగు ఇంకా తగ్గలేదు, బండి దాటలేదు. మర్నాడు మధ్యాహ్నం గాని ఆలేరు దవాఖానకు చేర్చలేకపోయాం. రెండు సీసాలు ఎక్కించారు. ఆమె బతికింది, కడుపు నిలవలేదు. నర్సమ్మ అడిగింది, ఏం తిన్నదని. "అందరం తిన్నదే తిన్నది" అంది అత్త. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నర్సమ్మ నా మొహం కూడా చూసింది. నేను కిందికి చూశాను. ఇంటికొచ్చాక దిష్టి అన్నారు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు.

నెల తర్వాత అక్క పొయ్యి దగ్గరకు వచ్చిన మొదటి సాయంత్రం ఇంకా కళ్ల ముందు ఉంది. మామ, బావ, నా భర్త అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆమె బియ్యం కొలిచే సోల చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది.

"మామా, రాత్రికి ఎంత తింటవు? చెప్తె గంతే బియ్యం పోస్త."

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడింది. "నా ఇంట్ల నన్ను బిచ్చగాని లెక్క అడుగుతున్నవా?"

"అడిగితె తప్పేంది? మిగలకుంట వండుత."

"మిగలాలె. ఇది మిగిలే ఇల్లు."

"మిగులనీ మామా. మిగిలింది పొద్దుగాల ఎవలు తింటరో గది గూడ చెప్పు, వండుత."

బావ లేచి ఒక్క అరుపు అరిచాడు. ఆమె కదల్లేదు. "పారేసుడు పాపమైతె, ఎక్కువ వండుడు గూడ పాపమే. నా పొట్ట కుడితి గోలెం కాదు" అంది. తర్వాత గడపలో నిలబడ్డ నా వైపు తిరిగింది. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అంది, "నువ్వు చెప్పు చెల్లె. ఆ పొద్దు ఏం తిన్ననో."

నా భర్త నన్ను చూస్తున్నాడు. అత్త చూస్తోంది. నేను చీర కొంగు చుట్టుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆ మర్నాటి నుంచి నెల రోజులు ఇంట్లో గొడవే. చివరికి బావ వేరు పడ్డాడు. ఇంటి మధ్య గోడ లేచింది, రెండు పొయ్యిలు అయ్యాయి. ఇల్లు ఇరగ్గొట్టింది అన్న పేరు అక్కకు వచ్చింది. మొన్న వాకిట్లో ఏడ్చిన నోళ్లే ఆనాడు ఆ మాట అన్నవి.

గోడ అవతల ఆమె మనిషికింతని కొలిచి వండేది. ముగ్గురూ ఒకేసారి కూర్చుని తినేవాళ్లు. బావ మొదట్లో గొణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు. అన్నం చాలకపోతే ఒక రొట్టె కాల్చేది, అంతే. గోడ ఇవతల నేను, అత్త పోయేదాకా, ఇంకో ఎనిమిదేళ్లు సద్ది తిన్నాను. ఇక అది నా ఒక్కదాని వంతు అయింది. తీగ సాగిన రోజున అక్క మాట ప్రకారం ముక్కు చెప్పింది విని, చీకటితోనే కుడితిలో కలిపేసేదాన్ని. ఆమె నన్ను ఎన్నడూ ఒక మాట అనలేదు. పండగకు సర్వపిండి చేస్తే గోడ మీదుగా అందించేది. ఒకసారి మాత్రం, మేం ఆలేరుకు మారిపోతున్న రోజున, సామాన్లు కడుతుంటే వచ్చి నిలబడింది. "అక్కడన్న ఉడుకుడుకుది తిను. ఎవ్వల కోసం ఆగకు" అంది. నేను కాళ్లు మొక్కబోతే వెనక్కి జరిగింది. అది ఆమె పెట్టుకున్న కోపమో, వద్దన్న ప్రేమో నాకు ఈనాటికీ తెలియదు.

అక్క పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టి కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడటం మా వైపు ఆనవాయితీ. ముట్టకపోతే మనిషికేదో కోరిక మిగిలిందంటారు. దహనం చేసిన చెలక గట్టు మీద విస్తరి వేశారు. మా ఆడబిడ్డ సద్ది గిన్నె విప్పింది. "వదినెకు సద్దన్నమంటె పానం. రోజు గదే తినేది" అంది.

"ఇష్టం లేకుండె" అన్నాను.

"నీకెట్ల తెల్సు?"

"పక్కన కూసొని తిన్న."

ఆమె నన్ను వింతగా చూసి సద్ది వడ్డించింది. పక్కన మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ఏరి, గుప్పెడు బియ్యం ఉడికించాను. అక్క బిడ్డ వచ్చి నా పక్కన కూర్చుని మంట ఊదింది. ఉడికిన అన్నం తీసి విస్తరిలో, ఆ సద్ది పక్కన, కుప్పగా పెట్టాను.

కాకి వచ్చి గట్టు మీద వాలింది. రెండడుగులు వేసి ఆగింది. "ముడుతలేదు, ఏం కోరిక మిగిలిందో అడుగుండ్రి" అంది ఆడబిడ్డ. ఎవరూ అడగలేదు. నేను పెట్టిన అన్నం మీంచి తెల్లటి ఆవిరి లేస్తూ ఉంది. కాకి మెడ పక్కకు వంచి దాన్నే చూస్తూ, గాలికి ఆ ఆవిరి తన వైపు మళ్లినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి వేస్తోంది.