పెట్రోల్ ట్యాంకులో పోసిన ఆయిల్

నా చేతిరాత ఎవరికీ అర్థం కాదు, అందుకే ఫోనులో ఒక్క వేలితో కొడుతున్నాను. ఊరి బడి చదువు, అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి.

మా కోడలు రోజూ బోరబండ నుంచి హైటెక్ సిటీ ఆఫీసుకు స్కూటర్ మీద వెళ్తుంది. ఇంజను టకటకమంటోందని ఇవాళ రైల్లో వెళ్లింది. బండిని నేను మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాను. అతను కింద బోల్టు విప్పితే నాలుగు నల్ల చుక్కలు రాలాయి, అంతే.

"తాతా, ఆయిల్ ఎప్పుడు మార్పించినవ్?"

"నెలనెలా నేనే పోస్తున్న గద బిడ్డా."

"ఏడ పోస్తున్నవ్?"

"పెట్రోల్ ట్యాంకుల."

అతను పానా కింద పెట్టి నన్నే చూశాడు.

"గది పాత స్కూటర్ల ముచ్చట తాతా! దీనికి ఇంజన్ల వేరే పొయ్యాలె. ఫ్లైఓవర్ మీద ఇంజన్ పట్టేసి బండి ఆగిపోతే ఎనుకొచ్చే బస్సు ఆగుతదా?"

నా పాత బండిని ముప్పై ఏళ్లు అలాగే నడిపాను. "సర్వీసింగుకెందుకమ్మా, నేను చూసుకుంట" అని కోడలికి చెప్పింది నేనే. పొగ వస్తుంటే బండి హుషారుగా ఉందనుకున్నాను.

విప్పిన ఇంజను షాపులోనే ఉంది. కోడలు ఇంకో గంటలో ఇంటికొస్తుంది. మీరైతే మొదటి మాట ఏమని చెబుతారు? ఆమె వచ్చేలోగా రాయండి.